వైఫై అడాప్టర్ కొనేముందు సిగ్నల్ కొలవండి: గీతలు కాదు, డీబీఎం చూడాలి

పోయినసారి సిరిమాను పండక్కి విజయనగరం వెళ్తే, మావయ్య కాఫీ గ్లాసు చేతిలో పెట్టి నేరుగా మేడ మీదికి తీసుకుపోయాడు. మరదలి కంప్యూటర్ వెనక నుంచి రెండు నల్ల యాంటెనా కొమ్ములు పైకి లేచి ఉన్నాయి. "ఏట్రా ఇది, డబ్బా మీద 1300 అని అచ్చేశాడు, నా ఫోన్లో చూస్తే గీతలు ఫుల్లుగా ఉన్నాయి, మరి క్లాసు మధ్యలో మేస్టారు బొమ్మలాగ ఆగిపోతాడేటి?" అన్నాడు. అది ఆ ఇంట్లో మూడో వైఫై అడాప్టర్, అంటే కంప్యూటర్‌కి వైఫై అందించే పరికరం. మొదటిది గోరంత ఉండేది, రెండోదానికి ఒక కొమ్ము, దీనికి రెండు. కొమ్ములు పెరిగాయి గానీ క్లాసు మాత్రం అలాగే ఆగుతోంది.

చూస్తే ఆ మూడూ బాగానే పనిచేస్తున్నాయి. కొనేముందు ఎవరూ కొలవలేదు, అదొక్కటే తప్పు. సిగ్నల్ బలహీనంగా ఉందా, చుట్టూ గోల ఎక్కువగా ఉందా, అసలు లోపం అడాప్టర్‌దా, రూటర్‌దా, బయటి నుంచి వచ్చే లైన్‌దా అన్నది తేలకుండా ఎన్ని కొన్నా లాటరీయే. కింద రాసినదంతా ఆ రోజు మేం చేసిన వరసలోనే ఉంది. విండోస్ కంప్యూటర్, ఒక ఆండ్రాయిడ్ ఫోను, కాగితం, పెన్ను ఉంటే చాలు.

1. ముందు గీతల్ని మర్చిపోండి

ఏ బలానికి ఎన్ని గీతలు చూపించాలి అనేదానికి అందరూ పాటించే లెక్కంటూ లేదు. ఒక ఫోను నాలుగు గీతలు చూపించిన చోటే ఇంకొకటి రెండే చూపిస్తుంది. అసలు కొలత డీబీఎం. ఒక మిల్లీవాట్ శక్తిని సున్నా అనుకుంటే, మన అడాప్టర్‌కి చేరేది అందులో ఎన్నో వంతో కాబట్టి అంకె ఎప్పుడూ మైనస్‌లో ఉంటుంది, సున్నాకి ఎంత దగ్గరైతే అంత మంచిది.

ఇక్కడే చాలామంది పొరబడతారు: మైనస్ 60కి, మైనస్ 70కి తేడా పదే కదా అనుకుంటారు. ఈ లెక్క మామూలు కూడికలా నడవదు. 3 తగ్గితే శక్తి సగం అయినట్టు, 10 తగ్గితే పదో వంతుకి పడిపోయినట్టు. మైనస్ 60 నుంచి మైనస్ 80కి వెళ్లారంటే వందో వంతే మిగిలింది.

పని జరిగే అంకెలు ఇవీ. రూటర్ పక్కనే నిలబడితే మైనస్ 30, 40 మధ్య వస్తుంది. మైనస్ 60 లోపు ఉంటే ఏ పనికీ దిగులు లేదు. వీడియో కాల్, ఆన్‌లైన్ క్లాసు అయితే మైనస్ 67 దాకా నిలకడగా నడుస్తాయి. 70 దాటితే వెబ్ పేజీలు తెరుచుకుంటాయి గానీ వీడియో తడబడుతుంది. 80 దాటాక కనెక్ట్ అయినట్టు చూపిస్తుంది, అంతే, పని చేయదు. ఈ అంకెల్లో 67ని గుర్తుపెట్టుకుంటే చాలు, మిగతావి అవే తెలుస్తాయి.

2. ఉన్నచోటే కొలవండి

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. ఇంగ్లీషు అక్షరాల్లో నెట్‌ఎస్‌హెచ్, ఖాళీ, డబ్ల్యూలాన్, ఖాళీ, షో, ఖాళీ, ఇంటర్‌ఫేసెస్ అని కొట్టి ఎంటర్ నొక్కండి. నెట్‌ఎస్‌హెచ్ అంటే ఎన్, ఈ, టీ, ఎస్, హెచ్. డబ్ల్యూలాన్ అంటే డబ్ల్యూ, ఎల్, ఏ, ఎన్. కొత్త విండోస్ 11లో లొకేషన్ ఆపి ఉంటే ఇది అనుమతి లేదంటుంది, సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద లొకేషన్ ఆన్ చేసి మళ్లీ కొట్టండి.

వచ్చిన వరసల్లో సిగ్నల్ దగ్గర శాతం కనిపిస్తుంది. దాన్ని సగం చేసి అందులోంచి 100 తీసేస్తే డీబీఎం. ఉదాహరణకి 60 శాతం అంటే మైనస్ 70. మరదలి కంప్యూటర్లో 42 శాతం వచ్చింది, అంటే మైనస్ 79. "42 అంటే పాసే కదా" అంది మా మరదలు. పరీక్షల్లో పాసే, వైఫైలో మాత్రం కాదు. కొన్ని డ్రైవర్లు (అడాప్టర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) ఈ లెక్కని కాస్త అటూ ఇటూ చేస్తాయి, అయినా ముందూ తర్వాతా పోల్చుకోడానికి ఇది చాలు.

అదే చోట ఇంకో నాలుగు వరసలు కాగితం మీదికి ఎక్కించండి: రేడియో టైపు, ఛానెల్, రిసీవ్ రేట్‌తో పాటు ట్రాన్స్‌మిట్ రేట్. ఈ రేట్లు రెండూ విడివిడిగా ఎందుకంటే వైఫై రెండు వైపులా నడవాలి. రూటర్ గొంతు మనకి వినిపిస్తోందంటే మన గొంతు దానికి వినిపిస్తోందని కాదు. చిన్న అడాప్టర్ మూలుగు దూరంగా ఉన్న రూటర్‌కి అందకపోతే, పాఠం మనకి వినిపిస్తుంది, మన మాట మాత్రం మేస్టారికి ముక్కలుముక్కలుగా పోతుంది. అలాంటప్పుడు ట్రాన్స్‌మిట్ రేట్ రిసీవ్ కంటే బాగా తక్కువగా ఉంటుంది.

ఒక్కసారి చూసి వదిలేయకండి. పొద్దున ఒకసారి, రాత్రి ఎనిమిదిన్నరకి వీధి అంతా ఫోన్లు పట్టుకున్నప్పుడు ఒకసారి, తలుపు మూసి ఒకసారి కొలవండి. మనిషి అడ్డం నిలబడినా రెండు మూడు పాయింట్లు పోతాయి, ఒంట్లో ఉన్నది చాలావరకు నీళ్లే కదా.

3. ఫోన్‌ని సాక్షిగా పిలవండి

నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో ఇదే ముఖ్యమైన అడుగు, దీన్నే అందరూ వదిలేస్తారు. ప్లే స్టోర్‌లో వైఫై ఎనలైజర్ అని వెతికితే డీబీఎం చూపించే యాప్‌లు బోలెడు దొరుకుతాయి. ఒకటి వేసుకుని, ఫోన్‌ని కంప్యూటర్ ఉన్న బల్ల మీదే పెట్టి, అదే వైఫైకి, అదే బ్యాండ్‌కి (2.4 లేదా 5 గిగాహెర్ట్జ్) కలిపి చూడండి.

ఫోన్లోనూ కంప్యూటర్లోనూ అంకె చెడ్డగానే ఉంటే ఆ గదికి సిగ్నలే రావడం లేదు. అప్పుడు అడాప్టర్ మీద డబ్బు పెట్టడం దండగ, రూటర్‌ని జరపడమో, మేడ మీదికి కేబుల్ లాగి ఇంకో యాక్సెస్ పాయింట్ (అక్కడ వైఫై ఇచ్చే పెట్టె) పెట్టుకోవడమో చేయాలి. ఫోన్లో బాగుండి కంప్యూటర్లో చెడితే లోపం అడాప్టర్‌లోనో, అది ఉన్న చోటులోనో ఉన్నట్టు. అయిదారు పాయింట్ల తేడా మామూలే, పట్టించుకోవద్దు.

మావయ్య ఫోను బల్ల మీద మైనస్ 61 చూపించింది. కంప్యూటర్ 79. మధ్యలో 18 పాయింట్లు, అంటే అరవై వంతుల్లో ఒక వంతే అడాప్టర్‌కి చేరుతోంది! వంగి బల్ల వెనక టార్చి వేసి చూస్తే సంగతి తెలిసింది. సీపీయూ వెనక పోర్టులో అడాప్టర్, దాని వెనక బెత్తెడు సందు, ఆ సందు అవతల అత్తయ్య పెళ్లినాటి ఇనుప బీరువా. ఇటు ఇనుప డబ్బా, అటు ఇనుప బీరువా, మధ్యలో పాపం రెండు కొమ్ములు. ఇనుము ఈ తరంగాల్ని దాదాపు దాటనివ్వదు, అద్దం బీరువా అయినా తేడా లేదు.

లాప్‌టాప్ వాళ్లకి ఇంకో మాట. వైఫై యాంటెనాలు ఎక్కువగా స్క్రీన్ చుట్టూ ఉన్న అంచులో ఉంటాయి, వాటి సన్నటి వైర్లు మడత బందు గుండా కిందికి దిగి కార్డుకి తగులుకుంటాయి. స్క్రీన్ మార్పించాకో, బందు విరిగి అతికించాకో సిగ్నల్ పడిపోయిందంటే కొత్త అడాప్టర్ కొనకండి, మళ్లీ మెకానిక్ దగ్గరికే వెళ్లి ఆ వైరు ఊడిందేమో చూడమనండి. ఊడితే రూటర్ ఉన్న గదిలోనే మైనస్ 70 చూపిస్తుంది.

4. బలం ఉంది, అయినా నడవట్లేదు అంటే గోల

సిరిమాను రోజున విజయనగరం మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర పక్కన ఉన్న మనిషి చెవిలో అరిచినా వినపడదు. అదే జంక్షన్‌లో అర్ధరాత్రి అవతలి అరుగు మీద ముసలాయన దగ్గినా వినిపిస్తుంది. గొంతు తగ్గలేదు, చుట్టూ రణగొణ మారింది. వైఫైలోనూ అంతే, సిగ్నల్‌కి, గోలకి మధ్య 25 డీబీ (పాయింట్లు) ఎడం ఉంటే హాయిగా నడుస్తుంది, పదికి పడిపోతే మైనస్ 60 ఉన్నా ఏడిపిస్తుంది.

తేల్చుకోడానికి పింగ్ ఉంది, అంటే రూటర్‌ని పిలిచి జవాబు ఎంతసేపట్లో వచ్చిందో చూడడం. ఐపీకాన్ఫిగ్ అని కొడితే డిఫాల్ట్ గేట్‌వే దగ్గర రూటర్ అడ్రస్ కనిపిస్తుంది, 192.168.1.1 లాంటిది. పింగ్ అని, ఆ అడ్రస్, చివర హైఫన్ టీ కొట్టి రెండు నిమిషాలు వదిలేయండి. అన్నీ అయిదు మిల్లీసెకన్ల లోపు వస్తుంటే మీ వైఫై బంగారం, నెట్ నెమ్మదిగా ఉందంటే లైన్‌వాళ్లని అడగాల్సిందే. మధ్యమధ్యలో 200, 300కి ఎగురుతూ, డీబీఎం మాత్రం బాగుంటే అది గోల.

2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి మన దేశంలో 2005 నుంచి లైసెన్సు అక్కర్లేదు, అందుకే పక్కింటి రూటర్, బ్లూటూత్ స్పీకర్, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ అందులోనే దూరాయి. నెట్‌ఎస్‌హెచ్ డబ్ల్యూలాన్ షో నెట్‌వర్క్స్ మోడ్ ఈక్వల్స్ బీఎస్ఎస్ఐడీ అని కొడితే ఎవరు ఏ ఛానెల్‌లో ఉన్నారో వస్తుంది. ఈక్వల్స్ అంటే సమానం గుర్తు. ఈ బ్యాండ్‌లో ఒకదాని మీద ఒకటి పడని ఛానెళ్లు 1, 6, 11 మాత్రమే. వీటిలో జనం తక్కువున్నది రూటర్ పేజీలో ఎంచుకుని, ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కి కట్టేయండి. 3, 4 లాంటివి ఖాళీగా ఉన్నట్టు కనిపించినా అటు ఒకటినీ ఇటు ఆరునీ రెంటినీ గుద్దుతాయి. 13 పెట్టారంటే కొన్ని అడాప్టర్లకి రూటరే కనపడదు.

ఎవరూ అనుమానించని ఇంకో దొంగ యూఎస్‌బీ 3 పోర్టు. నీలం రంగులో ఉండేది. హార్డ్ డిస్కు దానికి పెట్టి ఫైళ్లు కాపీ చేస్తున్నప్పుడు అక్కడి నుంచి వచ్చే రొద సరిగ్గా 2.4 బ్యాండ్ మీద పడుతుంది, పక్క పోర్టులో చిన్న అడాప్టర్ ఉంటే చెవులు మూసుకుపోయినట్టే. రెంటినీ దూరం పెట్టడమే మందు.

5. రూపాయి ఖర్చుకి ముందు

అడాప్టర్‌ని సీపీయూ వెనక నుంచి తీసి, మీటరున్నర యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో బల్ల మీదికి, వీలైతే కిటికీ దగ్గరికి తీసుకురండి. మావయ్య ఇంట్లో చేసింది ఇంతే. 42 శాతం 72కి లేచింది, అంటే మైనస్ 64. ఆ కేబుల్ కూడా కొన్నది కాదు, పాత ప్రింటర్ డబ్బాలో దొరికింది.

కొమ్ముల సంగతి. నిలువుగా పెట్టిన యాంటెనా నుంచి తరంగాలు కర్రకి గుచ్చిన గారెలా చుట్టూ పరుచుకుంటాయి. పక్కలకి బాగా వెళ్తాయి, కొన వైపు మాత్రం చిల్లే. కొమ్ముని రూటర్ వైపు గురిపెట్టి చూపిస్తే బలం పెరుగుతుందనుకోవడం అందుకే తప్పు. అదే అంతస్తులో అయితే రెంటినీ నిలువుగా ఉంచండి, మేడ మీదికి కావాలంటే రూటర్ కొమ్ముల్లో ఒకదాన్ని పడుకోబెట్టండి.

రూటర్‌ని టీవీ వెనక నుంచి, నీళ్ల డ్రమ్ము పక్క నుంచి తప్పించి మనిషి ఎత్తులో పెట్టండి. ఇంటి రకాన్ని బట్టి కూడా ఆలోచించాలి: పెంకుటింట్లో పైకప్పు పెద్దగా అడ్డు కాదు గానీ పాత మట్టిగోడల మందం తింటుంది, డాబాలో శ్లాబులోని ఊచలు తింటాయి, ఇనుప రేకుల షెడ్డు అయితే ఇక చెప్పక్కర్లేదు, లోపల రూటర్ పెట్టి బయట అరుగు మీద నెట్ రావాలంటే రాదు.

డివైస్ మేనేజర్‌లో అడాప్టర్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్‌లో కరెంటు ఆదాకి దీన్ని ఆపుకోవచ్చు అన్నచోట టిక్కు తీసేయండి.

6. అయినా కొనాల్సి వస్తే

మొదట రూటర్ ఏ బ్యాండ్లు ఇస్తుందో చూడండి. మావయ్యగారి ఫైబర్ బాక్సు ఒక్క 2.4లోనే మాట్లాడుతుంది. డబ్బా మీది 1300 (సెకనుకి ఎన్ని మెగాబిట్లో చెప్పే వేగం) అంటే 2.4లో 400, 5 గిగాహెర్ట్జ్‌లో 867 కలిపి కాస్త గుండ్రం చేసిన అంకె. రెండు బ్యాండ్లూ ఒకేసారి ఎలాగూ నడవవు, 867 అయితే వాళ్లింట్లో పుట్టనే లేదు, మిగిలిన 400 కూడా వెడల్పు ఛానెల్‌లో, అంతా కలిసొస్తే. 20 మెగాహెర్ట్జ్‌లో రెండు యాంటెనాలతో మామూలుగా లింక్ 144 దగ్గర ఆగుతుంది, అందులో చేతికి వచ్చేది దాదాపు సగం. మోసం అననుగానీ, సంతలో కాయ సైజు చూపించి పీచుతో సహా తూచినట్టు ఉంటుంది.

రూటర్ రెండు బ్యాండ్లదైతే మాత్రం ఒంటి బ్యాండ్ అడాప్టర్ జోలికి పోవద్దు, నాలుగు డబ్బులు తక్కువైనా సరే. పట్నంలో 2.4 నిండిపోయింది, 5లో ఇంకా చోటుంది, 2018లో ఆ బ్యాండ్‌లో లైసెన్సు అక్కర్లేని వాటాని బాగా పెంచారు కూడా. కాకపోతే 5 గిగాహెర్ట్జ్ అంతే దూరానికి ఏడు డీబీ దాకా ఎక్కువ పోగొట్టుకుంటుంది, గోడలకీ ముందే లొంగిపోతుంది. ఒక గోడ అవతల దాకా 5, రెండు గోడలు దాటితే 2.4 అనుకుంటే పెద్దగా తప్పు పోదు. రూటర్‌లో 5కి 36 నుంచి 48 మధ్య ఛానెల్ పెట్టండి, నడిమి ఛానెళ్లు రాడార్ల కోసం జాగ్రత్త పడాల్సినవి కాబట్టి కొన్ని చవక అడాప్టర్లు వాటిని చూడవు.

ఇక రకాలు. గోరంత నానో అడాప్టర్‌లో యాంటెనా కూడా గోరంతే, రూటర్ ఉన్న గదిలో తప్ప దాన్ని నమ్మను. యూఎస్‌బీలో కొమ్మున్నవి, అందులోనూ కేబుల్‌తో బల్ల మీద నిలబడేవి డెస్క్‌టాప్‌కి నా మొదటి ఎంపిక. 867 లాంటి వేగం కావాలంటే యూఎస్‌బీ 3దే తీసుకోవాలి, యూఎస్‌బీ 2 కాగితం మీద 480 అయినా నిజంగా 300 చుట్టుపక్కలే మోస్తుంది. మన నెట్ ప్లాను 50, 100 అయితే ఆ గొడవే లేదు, యూఎస్‌బీ 2 చాలు. సీపీయూ తెరవగలిగితే లోపలి బోర్డుకి గుచ్చే పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు నిలకడగా ఉంటుంది, కానీ యాంటెనాలు నేరుగా కార్డుకి బిగించేది కాకుండా వైరుతో పైకి తెచ్చుకునేది చూడండి, లేకపోతే మళ్లీ బీరువా వెనక కథే.

లాప్‌టాప్‌లో లోపలి కార్డే మార్చుకోవచ్చు, యూఎస్‌బీ కంటే అదే మేలు, ఎందుకంటే తెర అంచులో ఉన్న పెద్ద యాంటెనాలు ఉచితంగా వస్తాయి. కొత్తవాటిలో ఎమ్ డాట్ 2 రకం, 2230 సైజు. ఇంటెల్ ఏఎక్స్ 210 ఏ బోర్డులోనైనా దాదాపు పడుతుంది. ఏఎక్స్ 201 మాత్రం చూడ్డానికి అలాగే ఉన్నా, దానికి తగ్గట్టు చేసిన ఇంటెల్ బోర్డుల్లోనే పనిచేస్తుంది, అంకె చూసుకోకుండా ఆర్డర్ పెట్టి నేనే ఒకసారి బోల్తా పడ్డాను. కొన్ని పాత లాప్‌టాప్‌ల బయోస్ (ఆన్ చేయగానే ముందు నడిచే ప్రోగ్రామ్) తనకి తెలిసిన కార్డుల్ని తప్ప రానివ్వదు, అది ముందే వెతికి చూసుకోండి.

లైనక్స్ వాడేవాళ్లు కంపెనీ పేరు వదిలేసి లోపలి చిప్ పేరు చూడాలి. మీడియాటెక్ ఎంటీ 7612యూ, పాతదైనా ఏథెరాస్ ఏఆర్ 9271 లాంటివాటికి డ్రైవర్ కెర్నల్‌లోనే (లైనక్స్ గుండెకాయలోనే) ఉంది, పెట్టగానే పనిచేస్తాయి. ఒకే మోడల్ పేరుతో వెర్షన్ మారితే చిప్ మారిపోతుంది కూడా: టీపీ లింక్ డబ్ల్యూఎన్ 722ఎన్ మొదటి వెర్షన్‌లో ఏథెరాస్ ఉంటే, రెండో దాని నుంచి రియల్‌టెక్. డబ్బా అడుగున వీ1, వీ2 అని చిన్నగా రాసి ఉంటుంది. ఇంకొన్ని అడాప్టర్లు పెట్టగానే సీడీ డ్రైవ్‌లా కనిపిస్తాయి, కంగారు పడొద్దు, డ్రైవర్ అందులోనే ఉంటుంది, విండోస్‌లో ఇన్‌స్టాల్ చేశాక వేషం మారుస్తుంది.

పలాస వైపు నుంచి తరచూ వచ్చే ప్రశ్న, జీడితోటలో షెడ్డుకి ఇంటి వైఫై అందాలంటే ఎంత పెద్ద కొమ్ము కావాలి అని. ఏ కొమ్మూ కాదు. రెండు మూడు వందల మీటర్లు అడాప్టర్ పని కాదు, ఆకులు వానకి తడిస్తే అసలే మింగేస్తాయి. చెట్లకి పైన ఒకదానికొకటి కనపడేలా డాబా మీద ఒకటి, షెడ్డు మీద ఒకటి అవుట్‌డోర్ సీపీఈ (ఆరుబయట పెట్టే వైఫై పెట్టె) జత పెట్టుకోవాలి.

7. తెచ్చాక చేయాల్సింది

డబ్బా తెరిచిన రోజే, కాగితం మీద పాత అంకెలు రాసుకున్న అదే చోట, అదే టైముకి, అదే తలుపు మూసి మళ్లీ కొలవండి. డీబీఎం కనీసం అయిదారు పాయింట్లు పెరగాలి, లేదా ట్రాన్స్‌మిట్ రేట్ లేవాలి, లేదా పింగ్ ఎగరడం ఆగాలి. మూడింట్లో ఒక్కటీ జరగలేదంటే దాన్ని ఉంచుకోవద్దు, ప్లాస్టిక్ కవరు కూడా పారేయకుండా బిల్లుతో పాటు గడువులోపు వెనక్కి పంపేయండి. మావయ్య ఈ పని చేయలేదు. గడువు దాటిపోయిన రెండు డబ్బాలు ఇంకా ఆ బీరువా మీదే ఉన్నాయి, అత్తయ్య వాటిలో గుండుసూదులు వేసుకుంటోంది.